చుక్కల గడి

మా నాన్నకు నాలుగెకరాల మెట్ట ఉంది. నంద్యాలకూ కోయిలకుంట్లకూ మధ్య, కేసీ (కర్నూలు–కడప) కాలువకు ఎగువ పక్క. కాలువ నీళ్లు కంటికి కనపడతాయి, చేనికి ఎక్కవు. తాత దున్నాడు, నాన్న దున్నుతున్నాడు, శిస్తు కట్టిన రసీదులు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చెల్లెలి పెళ్లికి అందులో ఒక ఎకరం అమ్ముదామని రిజిస్ట్రేషన్‌కు పోతేగానీ తెలియలేదు, ఆ నేల మాదేనా అని సర్కారుకు అనుమానం ఉందని.

ఆర్‌ఎస్‌ఆర్ అని ఒక పాత పుస్తకం ఉంటుంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. సుమారు వందేళ్ల కిందట, తెల్లదొరల కాలంలో భూముల శిస్తు మళ్లీ మదింపు చేసినప్పుడు రాసింది. సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరం, శిస్తు, పట్టాదారు పేరు, అన్నీ వరసగా గడులు. మా నంబరు ఎదురుగా పేరు ఉండాల్సిన గడిలో చుక్కలున్నాయి. అంతే. చుక్కల భూమి అంటారు దాన్ని. నిషేధిత జాబితాలో పడింది. అమ్మకూడదు, కొనకూడదన్నారు.

ఆ చుక్కలు ఎందుకు పెట్టారో రాసిన గుమాస్తాకే తెలియాలి. హక్కుదారు ఎవరో తేలలేదేమో. ఆ రోజు మా ముత్తాత ఊళ్లో లేడేమో. ఎండకు ఆ గుమాస్తాకు విసుగొచ్చిందేమో కూడా. ఒక మనిషి కలం ఎత్తి మూడు నాలుగు సార్లు పొడిచిన పొడుపుకు వందేళ్ల తర్వాత మా చెల్లెలి పెళ్లి ఎనిమిది నెలలు వాయిదా పడింది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చాక, పన్నెండేళ్లకు పైగా సాగులో ఉన్నట్టు రుజువులు చూపించి దరఖాస్తు పెట్టుకుని, కాళ్లరిగేలా తిరిగితే ఎప్పటికో తేలింది. ఆ తిరుగుడులో ఆఫీసు వరండాల్లో కూర్చుని కూర్చుని నాకో ఆలోచన పట్టుకుంది. అది చెప్పడానికే ఇదంతా.

రాయలసీమ వెనకబాటు గురించి మాట్లాడేటప్పుడు ముందు వానను తిడతాం. తర్వాత నాయకులను తిడతాం. మూడో మాట కోస్తా వాళ్ల మీదికి పోతుంది. నేనూ ఈ మూడూ చేశాను, కాలేజీ రోజుల్లో మరీ ఎక్కువగా. ఇప్పుడు నాకు అనిపించేది వేరు. మన మీద ఇప్పటికీ పెత్తనం చేస్తున్నది ఒక లెక్కల పుస్తకం. దాన్ని మొదలుపెట్టిన ఈస్టిండియా కంపెనీ పోయింది, కంపెనీ తర్వాత వచ్చిన రాణి పోయింది, పుస్తకం మాత్రం బీరువాలో ఉంది. దాన్ని చట్టమనీ హక్కనీ సంప్రదాయమనీ పేర్లు మార్చి మనమే నడుపుతున్నాం.

పేరు దగ్గరే మొదలుపెడదాం. 1800 అక్టోబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం ఇచ్చేశాడు. తమాషా ఏంటంటే, ఈ నేల ఆయన చేతికొచ్చి కూడా ఎన్నో ఏళ్లు కాలేదు. 1792లో, 1799లో టిప్పు మీద యుద్ధాల్లో వాటాగా దక్కిన సొత్తే చాలావరకు. మైసూరు దగ్గర గుంజుకున్నదాన్ని సిపాయిల జీతాలకు జమ కట్టాడన్నమాట. కర్నూలు పట్టణం, దాని చుట్టుపక్కల మాత్రం నవాబు కింద ఇంకొన్నాళ్లు సాగి 1839లో అవీ కలిసిపోయాయి. అందుకే మనది ‘దత్తమండలం’, ఇంగ్లీషులో ‘సీడెడ్’. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అని పేరు పెట్టేదాకా, బాకీకి ఇచ్చేసిన సరుకు పేరుతోనే బతికాం. ఇప్పుడు పోయిందా అంటే పోలేదు. ఏ సినిమా విడుదలైనా చూడండి, హక్కులు అమ్మేది నైజాం, సీడెడ్, ఆంధ్ర అనే. తొలిరోజు వసూళ్లు ఎంతని మా తమ్ముడు ఫోన్లో చూసి చెప్పేటప్పుడు 1800 నాటి ఒప్పందాన్ని చదువుతున్నానని వాడికి తెలియదు.

ఒప్పందం అయిన వెంటనే కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. సీమలో ఆయనను తిట్టేవాళ్లు తక్కువ. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. గండిలో ఆంజనేయుడి బంగారు తోరణం ఆయనకు కనపడిందని ఇంకో కథ. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మా అవ్వ కూడా ‘మన్రో దొర ధర్మాత్ముడు నాయనా’ అనేది. అనేటప్పుడు ఆమె గొంతులో ఏ అనుమానమూ ఉండేది కాదు.

నాకూ ఆయన మీద పగ లేదు. శిస్తు ఎక్కువగా ఉంది, 25 శాతం తగ్గించండని 1807లో పైకి రాసింది ఆయనే. రెవెన్యూ బోర్డు ఒప్పుకోలేదు. ఆయన ఇంగ్లండుకు పోయి పోగానే, రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతినే తీసేసి ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చారు. ఆయన గవర్నరుగా తిరిగొచ్చాక, 1820లో రైతువారీ మళ్లీ వచ్చింది. అటు సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తాలో, 1802 నుంచి చాలాచోట్ల జమీందారులతో శాశ్వత శిస్తు. ఇటు మనకు రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరూ లేరు. ఏడాదికోసారి జమాబందీ, అంటే శిస్తు లెక్క తేల్చడం. వినడానికి బాగానే ఉంటుంది. జమీందారు పీడ లేదు కదా అని మనం గొప్పగా చెప్పుకుంటాం కూడా.

ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో ఎవరూ లేరంటే జమీందారు ఉండాల్సిన చోట సర్కారే కూర్చుందని అర్థం. నీ పేరు పుస్తకంలో ఉన్నంతవరకు నువ్వు రైతువు. గడి ఖాళీగా ఉంటే నేల సర్కారుది. మా చుక్కలకు అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమైంది ఇక్కడే. దున్నేవాడి చేతికన్నా గడిలో పేరుకే విలువ అన్న నమ్మకం ఆ పద్ధతి పునాదిలోనే ఉంది.

ఆ పుస్తకంలో చుక్కలకు కూడా నోచుకోనివాళ్లున్నారని తర్వాత తట్టింది. మా చేన్లో తరతరాలుగా కలుపు తీసిన మాదిగపల్లె వాళ్లకు పేరూ లేదు, చుక్కా లేదు. పట్టా ఉన్నవాడే రైతు అని పుస్తకం ఒకసారి తేల్చేశాక, పని చేసేవాడు కూలీ అయిపోయాడు. రైతువారీ సమానత్వం తెచ్చిందని పాఠాల్లో రాస్తే నవ్వొస్తుంది. నవ్వుతూ కూడా నేను ఆ పట్టాకోసమే తిరిగాను, అది వేరే సంగతి.

ఇక పాళెగాళ్లు, అంటే కోటలు కట్టుకుని ఊళ్ల మీద పెత్తనం చేసిన స్థానిక నాయకులు. మన్రో వచ్చేసరికి దత్తమండలంలో ఎనభై మంది దాకా ఉండేవారు. కొందరిని తరిమారు, కొందరికి తవర్జీ పేరుతో భత్యం పడేశారు, కోటలు తీసేసుకున్నారు. ఊరికి కావలి కాసే కట్టుబడుల మాన్యాల మీదా చెయ్యి పడింది. ఆ పాత కుటుంబాల భత్యాలూ కట్టుబడుల మాన్యాలూ కలిసి రాజుకున్నదే 1846 ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలోనే ఉరి తీశారు, తలను ఏళ్ల తరబడి కోటకు వేలాడదీశారు. మా ఊరికి దగ్గరే ఆ చోటు.

పాళెగాళ్లు మంచివాళ్లేమీ కాదు. ఊళ్లను పీడించినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ దొరల రాతల్లో సీమ మనిషికి ఒక ముద్ర పడింది. కొట్లాటలు మరిగినవాడు, అణచిపెట్టాల్సినవాడు. గుంటూరులో నేను చదువుకునేటప్పుడు హాస్టల్లో మొదటి రోజే ‘ఏ ఊరు?’ అనడిగి, చెప్పగానే ‘బాంబులు తెచ్చావా?’ అన్నారు. సరదాకే అన్నారు, తర్వాత ప్రాణ స్నేహితులయ్యారు కూడా. కానీ నాలుగేళ్లూ నేను గొంతు పెంచిన ప్రతిసారీ అది నా ఊరి ఖాతాలోకి పోయింది. సుమోలు లేచే సినిమాలు చూసి మన కుర్రాళ్లే ఈలలు వేశారు కాబట్టి ఎవరిని అనాలి? ఫ్యాక్షన్‌లో చచ్చినవాళ్లను నేను కాదనను, మా బంధువుల్లోనే ఉన్నారు. అది రక్తంలో ఉందనే మాటనే కాదంటాను. పాళెం పోయింది, ఊరి మునసబు పదవి వంశానికి కట్టబెట్టారు. పన్ను వసూలూ సాక్ష్యమూ పోలీసుకు కబురూ అన్నీ ఆ ఇంటి గుండానే. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణం, మునసబు పదవులు తీసేసేదాకా ఊరి అధికారం ఒకే అరుగు మీద ఉంది. ఆ అరుగు కోసం రెండు ఇళ్లు కొట్టుకుంటే ఊరంతా రెండైంది. తర్వాత సారా పాటలూ రోడ్డు కాంట్రాక్టులూ వచ్చాయి, అరుగు మారింది, కొట్లాట అదే.

అసలు సంగతి నీళ్లు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే లెక్కల పుస్తకం మన నెత్తిన గట్టిగా కూర్చున్నది ఇక్కడే.

1832–33లో నందన నామ సంవత్సరపు కరువుకు గుంటూరు జిల్లా శవాల దిబ్బయింది. డొక్కల కరువన్నారు దాన్ని. గోదావరి జిల్లాలూ అప్పట్లో కరువుకూ వరదకూ చిక్కి జనం వలసపోయిన నేలే. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, డెల్టా పుట్టుకతో అన్నపూర్ణ కాదు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కు ముగించాడు. ఆ ఏడే బెజవాడలో కృష్ణ మీద పని మొదలై 1855కు అయిపోయింది. పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు శిస్తు రూపంలో తిరిగొచ్చింది. గోదావరి ఒడ్డున కాటన్ విగ్రహాలకు దండలు వేస్తారు, వెయ్యాలి కూడా. ఆ నీళ్ల మీద వరి, వరి మీద మిల్లులు, మిల్లుల మీద బడులు, పత్రికలు, సినిమా కంపెనీలు. తర్వాత హైదరాబాదులో లేచిన సంపదలో ఆ కాలువల తడి ఉంది.

మనకేం చేశారు? ఏమీ చెయ్యలేదనడం తప్పు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డం కట్టి, కర్నూలు నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. అదే మా కేసీ కాలువ. తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ, 1860లలో. వాటాదారులకు ఏటా 5 శాతం వడ్డీ ఖాయమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ వస్తుందంటే ఎవడు జాగ్రత్తగా కడతాడు? ఖర్చు తడిసి మోపెడైంది. పడవలు నడవాలి, నీళ్లు పారాలి అని రెండు పనులకూ తవ్వారు, రెండూ సరిగ్గా కుదరలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతు నీటి తీరువా కట్టి మాగాణి చెయ్యడానికి ముందుకు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఆ దెబ్బతో పై ఆఫీసుల్లో ఒక అభిప్రాయం గడ్డకట్టింది. సీమలో కాలువలు గిట్టుబాటు కావు అని.

కాలువ పారుతుండగానే ధాత కరువు వచ్చింది. 1876–78. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికన్నా ఎక్కువ చితికిపోయాయి. 1877 జనవరిలో ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేశాడు. అదే నెలలో, కరువు ఖర్చు చూడమని దొరల ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసుకొచ్చి కరువు పనుల కూలీ కోసేశాడు. రోజంతా రాళ్లు మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు.

ఆ కరువు తర్వాత కమిషన్ వేశారు, నీటి పనులను రెండు రకాలు చేశారు. పెట్టుబడికి వడ్డీ తెచ్చేవి ‘ఉత్పాదక’ పనులు, జనం చావకుండా కాపాడేవి ‘రక్షణ’ పనులు. డెల్టాలు మొదటి దాంట్లో, మనం రెండో దాంట్లో. మొదటి దానికి అప్పు తెచ్చి మరీ డబ్బు పెడతారు. రెండో దానికి మిగిలితే పెడతారు. తుంగభద్ర మీద పెద్ద డ్యామ్ గురించి 1900 ప్రాంతం నుంచీ సర్వేలు జరుగుతూనే ఉన్నాయి. శంకుస్థాపన 1945లో అయింది.

అంతకుముందు మనకు నీళ్లే లేవా? చెరువులున్నాయి. పోరుమామిళ్ల చెరువు గట్టున 1369 నాటి శాసనం ఇంకా ఉంది. చెరువు బాగోగులు చూసుకునేవాడికి దశబంధం అని ఇనాం ఉండేది, పేరులోనే ఉంది పదో వంతు. చెరువులో పూడిక తియ్యడం, అలుగు సరిచెయ్యడం ఆ ఇనాం పుచ్చుకున్నవాడి బాధ్యత. 1850ల చివర ఇనాం కమిషన్ వచ్చి ఇలాంటి మాన్యాలన్నిటినీ తవ్వి తీసి, ఎవరికి పట్టా, ఎంత పన్ను అని తేల్చే పనిలో పడింది. దొరల లెక్కల్లో ఇనాం అంటే సర్కారుకు రాకుండా పోయిన శిస్తు. రైతు లెక్కలో అది చెరువు కూలి. రెండు లెక్కల్లో ఏది నెగ్గిందో మా ఊరి చెరువులో పెరిగిన కంపచెట్లను అడగండి.

ఇదంతా పాత కథే, ఇప్పుడెందుకు అంటారు కొందరు. ఎందుకో చెప్తాను. కృష్ణా నీళ్లు పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు. అందులో 1960 నాటికే వాడుకలో ఉన్న నీళ్లకు ముందు రక్షణ. న్యాయంగానే కనపడుతుంది, పారుతున్న కాలువను ఎవరు ఎండగడతారు? ఆ లెక్కన కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు, కేసీ కాలువకు 39.9. అంటే 1850లలో కంపెనీ ఇంజనీర్లు లాభమొస్తుందని ఎక్కడ డబ్బు పెట్టారో అక్కడ హక్కు పుట్టింది. లాభం రాదని ఎక్కడ ఆపేశారో అక్కడ హక్కు పుట్టలేదు. స్వతంత్ర భారతంలో మన న్యాయమూర్తులు, ఏ దురుద్దేశమూ లేకుండా, విక్టోరియా నాటి పెట్టుబడి లెక్కను నీటి హక్కుగా మార్చారు.

హంద్రీ–నీవా, గాలేరు–నగరి, తెలుగుగంగ అన్నీ మిగులు జలాల మీద కట్టుకున్నవి. మిగిలితే వస్తాయి. ‘రక్షణ పనులు’ అన్న పాత పేరు గుర్తొస్తోందా? శ్రీశైలంలో 854 అడుగుల మట్టం ఉండాలని మనం, కిందికి వదలండని డెల్టావాళ్లు, శ్రీశైలం నుంచి సీమకు నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు తూము వెడల్పు చేస్తే తెలంగాణ కేకలు, సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టమని మన రైతుల పాదయాత్ర. టీవీలో ఈ గొడవ చూసేవాళ్లకు మూడు ప్రాంతాల నాయకులు కొట్టుకుంటున్నట్టు కనపడుతుంది. నాకు మాత్రం కేసీ కాలువ వాటాదారులకు 5 శాతం వడ్డీ కట్టిన రసీదు కనపడుతుంది.

రాజధాని గొడవా అంతే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు అది బెజవాడలోనా, అనంతపురంలోనా, విశాఖలోనా అని రచ్చ. చివరికి విశాఖకు పోయింది. సర్కారు జిల్లాలతో కలిస్తే మింగేస్తారన్న భయం మనవాళ్లలో పెరిగింది. రెండు ప్రాంతాలూ వేరే వేరే ఏళ్లలో, వేరే వేరే ఒప్పందాలతో కంపెనీ చేతికి పోయి, వేరే వేరే పన్ను పద్ధతుల్లో వందేళ్లు బతికాక భయం ఉండదా? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో, శ్రీబాగ్‌లో, రెండు ప్రాంతాల నాయకులూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. నీళ్లలో సీమకు ముందు వాటా, రాజధాని, హైకోర్టు ఈ రెండింటిలో ఒకటి కోరుకునే హక్కు సీమకు. 1953లో కర్నూలు రాజధాని అయింది, డేరాల్లో ఆఫీసులు నడిచాయి. బళ్లారి మైసూరుకు పోయింది. మూడేళ్లకే రాజధాని హైదరాబాదు పోయింది. 2020లో మూడు రాజధానులన్నప్పుడు శ్రీబాగ్ మాట మళ్లీ లేచింది, 2021లో ఆ చట్టం వెనక్కు తీసుకున్నారు. ఒప్పందాన్ని గుర్తుచేసినవాళ్లు కూడా నీళ్ల షరతు కన్నా హైకోర్టు షరతునే ఎక్కువ పలికారు. నీళ్లు కష్టం, బోర్డు మార్చడం తేలిక.

ఒక మాటకు జవాబు చెప్పకుండా పోతే మోసమవుతుంది. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్. ఇంతమంది ముఖ్యమంత్రులు మీ సీమవాళ్లేగా, ఇంకా దొరల మీద ఏడుపెందుకు? నిజమే. మన్రోను, టెంపుల్‌ను అడ్డం పెట్టుకుని వీళ్లను వదిలెయ్యడం నాకూ ఇష్టం లేదు. కానీ ముఖ్యమంత్రి అయినవాడు కూర్చునేది కూడా ఆ బీరువా ముందే. ఎక్కడ ఆయకట్టు ఉందో అక్కడ ఓట్లూ, డబ్బూ, గొంతూ ఉన్నాయి. లేని ఆయకట్టుకు నీళ్లు తెచ్చేకన్నా ఉన్న ఆయకట్టుకు నీళ్లు ఆపకుండా చూడటం ఏ ప్రభుత్వానికైనా సుఖం. మన నాయకులు ఆ సుఖానికి అలవాటుపడ్డారు. ఈ తప్పు వాళ్లదే, దొరలది కాదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలుపెట్టారు. దొరల సర్వే అయ్యి వందేళ్లు దాటింది కాబట్టి కొత్తది కావాలన్నారు. సబబే. డ్రోన్లు ఎగిరాయి, రాళ్లు పాతారు. ఆ వెనకే భూహక్కు చట్టం వచ్చింది. 2024 ఎన్నికల్లో అదే పెద్ద భయమైంది, మీ పొలం లాక్కుంటారని ప్రచారం, ఎన్నికలయ్యాక చట్టం రద్దు. పొలం పుస్తకం పేరెత్తితే చాలు జనం ఎందుకంత బెదిరారో బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. చుక్కల గడి చూసినవాడికి వింతగా ఉండదు.

మా చేనుకూ సర్వే వాళ్లు వచ్చారు. కుర్రాడు, మంచివాడే, చేతిలో కొత్త మిషను. కొలిచి, పాతదానికన్నా ఆరు సెంట్లు తక్కువొస్తోందన్నాడు. మా నాన్న గట్టు మీద నిలబడి, ‘యాడికి పోతాది నాయనా ఆరు సెంట్లు, నేల నడిచి పోతాదా?’ అన్నాడు. ఆ కుర్రాడు తల గోక్కుని, మిషను వైపు చూసి, ‘ఉండు పెద్దాయనా, ఆర్‌ఎస్‌ఆర్‌లో ఏముందో చూసి చెప్తా’ అన్నాడు.